సంపూర్ణ స్వాగతం

వికాసనగర్ కాలనీ సంక్షేమ సంఘానికి లేనిదంటూ లేదు. సొంత సభావేదిక ఉంది. ముగ్గురు ఉపాధ్యక్షులున్నారు, ఆ ముగ్గురూ ఒకరితో ఒకరు మాట్లాడుకోకపోవడానికి కావలసినన్ని కారణాలూ ఉన్నాయి. నడక మిత్రుల బృందం, భజన మండలి, నవ్వుల క్లబ్బు, పెద్దల వేదిక, బ్లాకుకో కమిటీ, ఆ కమిటీల మీద ఇంకో కమిటీ ఉన్నాయి. లేనిదల్లా ఒక్క శరణార్థి. ఆ లోటు కూడా ప్రభుత్వం వారే ‘ఆత్మీయ ఆహ్వాన పథకం’ పెట్టి తీర్చారు.

పథకం నిజానికి చాలా చక్కనిది. యుద్ధాల్లో ఇల్లూ వాకిలీ పోగొట్టుకుని సరిహద్దు శిబిరాల్లో పడి ఉన్నవాళ్ళని అన్నిటికీ సర్కారే ఆదుకోవాలంటే ఎప్పటికి అయ్యేను? అందుకని ఒక ఊళ్ళో కాపురముంటున్న ఏ ఐదుగురైనా ఒక సంఘంగా చేరి, ‘ఫలానా మనిషిని మేం పిలుచుకుంటాం, నీడ చూపిస్తాం, తన కాళ్ళ మీద తను నిలబడేదాకా తోడుంటాం’ అని సంతకాలు పెడితే చాలు, ఆ మనిషిని రైలెక్కించి పంపుతారు. ఇంత తేలికైన విషయాన్ని తేలిగ్గా వదిలేస్తే ఆఫీసులెందుకు? వెంటనే దానికో నియమావళి రాశారు. అది వికాసనగర్ అధ్యక్షులు పేరిచర్ల భాస్కరరాజు గారి చేతిలో పడింది.

అలా ఆ సముద్రపు ఊరికి పైడమ్మ వచ్చింది.

పైడమ్మ ముత్తాతలు ఈ తీరం వాళ్ళే. ఓడెక్కి అవతలి దేశం వెళ్ళి, అక్కడి రేవులో మూటలు మోసి, అక్కడే పిల్లల్ని కని, అక్కడే మట్టిలో కలిశారు. పైడమ్మకి మాత్రం నాయనమ్మ మాట్లాడిన తెలుగు మిగిలింది. మొగుడు పోయాక కొబ్బరిపాల పులుసు పోసిన నూడిల్సు అమ్ముకుంటూ కొడుకుని పెంచుకుంటూ ఉంటే, సైనికులు వచ్చి వీధి వీధంతా తగలబెట్టారు. కొడుకు అప్పన్నని వెంటబెట్టుకుని, పిన్నితో కలిసి సరిహద్దు దాటి శిబిరంలో పడింది. తీరా వికాసనగర్ నుంచి పిలుపొచ్చి బయలుదేరే రోజున పిల్లాడికి ఆటలమ్మ పోసింది. ఒంటి మీద పొక్కులున్నవాణ్ణి రైలెక్కనిచ్చేది లేదన్నారు. నువ్వు పోకపోతే నీ వంతు పోతుంది, నువ్వు వెళ్ళి స్థిరపడు, వాడు వెనకాలే వస్తాడన్నారు. పిల్లాణ్ణి పిన్నికి అప్పగించి, గుండె రాయి చేసుకుని ఎక్కింది పాపం.

స్టేషన్లో దిగేసరికి బ్యాండు మేళం మోగింది. ముగ్గురు ఉపాధ్యక్షులూ మూడు వైపుల నుంచి మూడు దండలు వేశారు. భాస్కరరాజు గారు మైకందుకున్నారు. ఇక్కడ చెప్పుకోక తప్పని విషయం ఏమిటంటే, చివరి రెండు మూడు స్టేషన్ల నుంచీ పెట్టెలో నీళ్ళు లేక పైడమ్మ దొడ్డికి వెళ్ళాలని ఉగ్గబట్టుకుని ఉంది. రాజు గారేమో మానవ నాగరికత పుట్టుక దగ్గర మొదలెట్టారు. ఆవిడ ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారుతూ, పళ్ళు బిగించి, కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

“చూడండి! ఆ కళ్ళలో చూడండి! పుట్టినగడ్డకు దూరమైన వేదన ఎలా పొంగుకొస్తోందో చూడండి!” అన్నారు రాజు గారు, గొంతు గద్గదమైపోగా.

ప్లాట్‌ఫారం దద్దరిల్లేట్టు చప్పట్లు కొట్టారు. చివరికి ఆవిడ చెయ్యి పట్టుకుని, జనాన్ని తోసుకుంటూ మరుగుదొడ్డి దాకా తీసుకెళ్ళింది దండలు కట్టి తెచ్చిన నూకాలు. “ఓలమ్మ, ఈళ్ళ మాటలకేటి, తెల్లార్లూ మాటాడతారు. నువ్వెల్లమ్మా ముందు” అంది. ఈ దేశంలో పైడమ్మకి జరిగిన మొట్టమొదటి ఉపకారం అదే.

మర్నాడు పొద్దున్నే, తనకిచ్చిన రెండు గదుల ఇంట్లో పైడమ్మ పొయ్యి వెలిగించబోయింది. పక్క వాటా నుంచి మహిళా విభాగం కన్వీనరు సుభాషిణి గారు పరుగెత్తుకొచ్చి స్టవ్వు ఆపేశారు.

“అయ్యయ్యో, ఏమిటండీ ఇది? మీరు వంట చెయ్యకూడదు. మీరు అతిథి.”

“టీ కాసుకుంతానండి.”

“టీ బి-బ్లాకు వాళ్ళ వంతు. ఎనిమిదిన్నరకి ఊరేగింపుగా తెస్తారు.”

“మరి పనికి ఎల్లొద్దా అమ్మా? నాకు నూడిల్సు బండి ఒకటి ఇప్పిత్తే సాలు. నిలదొక్కుకుంటే నా కొడుకు గుంటణ్ణి తెచ్చుకుంతాను.”

సుభాషిణి గారు చెవులు మూసుకున్నంత పని చేశారు. అతిథి బండి తోస్తే కాలనీ పరువేం కావాలి? సాయంత్రానికల్లా భాస్కరరాజు గారే స్వయంగా వచ్చి నియమావళి చదివి వినిపించారు. అందులో ఇలా ఉంది: ‘వచ్చిన వ్యక్తిని సంఘము సంపూర్ణముగా స్వాగతించిన పిదప మాత్రమే స్థిరపడుటకు అర్హత కలుగును. స్థిరపడిన వ్యక్తి మాత్రమే తన కుటుంబ సభ్యుల కొరకు దరఖాస్తు చేసుకొనవలెను. అంతవరకు సదరు వ్యక్తి అతిథిగా పరిగణింపబడును.’

“సంపూర్ణంగా అంటే ఎన్నాళ్ళు బాబూ?” అంది పైడమ్మ.

“నియమావళిలో సంపూర్ణంగా అంటే ఏమిటో రాయలేదమ్మా” అన్నారు రాజు గారు ఆనందంగా. “కాబట్టి ఆ బాధ్యత మన భుజాల మీద పడింది. మనం దేన్నీ అసంపూర్ణంగా వదలం.”

ఇక చూస్కోండి. పొద్దున నడక మిత్రుల బృందం పైడమ్మని పార్కు చుట్టూ నడిపించి శాలువా కప్పింది. మధ్యాహ్నం పెద్దల వేదిక వాళ్ళు కుర్చీలో కూచోబెట్టి, తమ మోకాళ్ళ నొప్పుల గురించి చెప్పుకుని, శాలువా కప్పారు. నవ్వుల క్లబ్బు వాళ్ళు ఆవిణ్ణి మధ్యలో నిలబెట్టి ఆవిడ గౌరవార్థం చుట్టూ చేరి పగలబడి నవ్వారు. ఊరు పోగొట్టుకుని వచ్చిన మనిషి ముందు అంతమంది అలా నవ్వుతుంటే ఆవిడకి ఏం చెయ్యాలో తోచలేదు. వాళ్ళూ శాలువా కప్పారు. ఇంట్లో శాలువాలు పెట్టడానికి చోటు చాలక మంచం మీద దొంతర్లు పేర్చి, తను కింద పడుకోవడం మొదలెట్టింది. ఉక్కపోతలో చచ్చే ఆ ఊళ్ళో ఒక్కనాడైనా ఒక్క శాలువా కప్పుకునే చలి పెట్టలేదు.

ప్రతి సభలోనూ ఆవిడ తన కష్టాలు చెప్పాలి. మొదట్లో చెబుతుంటే నిజంగానే ఏడుపొచ్చేది. చెప్పగా చెప్పగా, ఇల్లు తగలబడిన సంగతి పాఠం అప్పజెప్పినట్టు వచ్చేసేది. ఒకనాడు ఇ-బ్లాకులో ఏడవకుండా చెప్పేసింది. దాని మీద ఫిర్యాదు వచ్చింది. సి-బ్లాకులో ఏడ్చారు, మా బ్లాకులో ఏడవలేదు, ఈ వివక్ష ఏమిటని ఇ-బ్లాకు వాళ్ళు లిఖితపూర్వకంగా అడిగారు. “వాళ్ళ మనసు నొప్పించకండి, ఇంకోసారి వెళ్ళి కాస్త ఏడ్చి వచ్చెయ్యండి” అని సుభాషిణి గారు బతిమాలారు. వెళ్ళింది. ఏడవాల్సి వచ్చినప్పుడు అప్పన్నని తలుచుకుంటే చాలని అప్పటికే తెలుసుకుంది. కానీ పిల్లాణ్ణి అలా వాడుకున్నందుకు ఆ రాత్రి తన మీద తనకే అసహ్యం వేసింది.

శిబిరం నుంచి పిన్ని ఎప్పుడైనా ఫోన్లో దొరికేది. ఆటలమ్మ తగ్గిపోయిందనీ, పిల్లాడు గేటు దగ్గర కూచుని వచ్చే పోయే బస్సుల్ని చూస్తున్నాడనీ చెప్పేది. ఒకసారి మాత్రం పిన్ని గొంతు తేడాగా వినిపించింది.

“నాకు వేరే దేశానికి పిలుపొచ్చింది పైడీ. దసరా దాటాక ఎక్కించేత్తారంట. గుంటణ్ణి నాతో రానివ్వరంట. నానెల్లిపోతే ఈణ్ణి అనాథ పిల్లల షెడ్లో ఎడతారు. వేగిరం ఏదోటి సెయ్యే తల్లీ.”

అప్పటికి వినాయక చవితి పందిళ్ళు లేస్తున్నాయి. పైడమ్మ ఉన్నపళంగా ఆఫీసుకి పరుగెత్తింది. పునరావాస సహాయ సంచాలకులు ఆకెళ్ళ సుదర్శనం గారు ఆవిణ్ణి చూసి లేచి నిలబడ్డారు. అతిథి కదా. కూచోమన్నారు, మంచినీళ్ళు ఇప్పించారు, జవాను చేత అప్పటికప్పుడు ఓ పూలగుత్తి తెప్పించి చేతిలో పెట్టారు.

“పువ్వులొద్దు బాబూ, నా కొడుకుని రప్పించండి.”

“తమరి ఆవేదన మా దృష్టికి వచ్చినది” అన్నారు సుదర్శనం గారు. ఆయన ఇంట్లో భార్యతోనూ అలాగే మాట్లాడతారని ప్రతీతి. “అయితే తమరి స్వాగతము ప్రస్తుతము ప్రగతిలో ఉన్నది. అది ముగిసినట్లు సంఘము వారి నుండి ధ్రువీకరణ రావలెను. ధ్రువీకరణ రానిదే తమరు అతిథి. అతిథులు మరల అతిథులను పిలుచుట సంప్రదాయ విరుద్ధము.”

“వాడు అతిథి కాడండి, నా కడుపున పుట్టినోడు.”

“ఆ సంబంధము స్థిరపడిన పిదప పరిశీలింపబడును.”

సరే, కాలనీలో ఉన్న సంఘాలెన్నో లెక్కబెట్టుకుంది పైడమ్మ. ఇంకో నాలుగు సభలైతే అయిపోతాయి. దసరాకి ముందే ముగుస్తుందని ప్రాణం లేచొచ్చింది. ఆ నాలుగు శాలువాలూ తల వంచి కప్పించుకుంది. అయిపోయింది కదా అని ఊపిరి పీల్చుకునేలోపు పక్కనున్న ప్రశాంతినగర్ వాళ్ళు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

సంగతేమిటంటే, అప్పటికి ఊరంతా శరణార్థుల మోజు ముదిరింది. ప్రతి కాలనీకీ ఒక శరణార్థిని స్వాగతించాలని ఉంది. పిలిపించుకోవాలంటే మాత్రం ఇల్లు చూపించాలి, తోడుండాలి, ఐదుగురు పూచీ పడాలి. ఆ ఐదుగురు ఎక్కడా దొరకలేదు. అందుకని ఉన్న ఒక్క శరణార్థినీ అందరూ పంచుకుందామన్నారు. ప్రశాంతినగర్ అయ్యాక ఉద్యోగుల కాలనీ, ఆ తర్వాత వర్తకుల సంఘం, ఆ వర్తకుల్లోంచి చీలిపోయిన అసలైన వర్తకుల సంఘం వరసగా వచ్చాయి. ఆవిణ్ణి సత్కరించడానికే కొత్తగా రెండు సంఘాలు పుట్టాయి. కొత్త సంఘం పుట్టిన ప్రతిసారీ సంపూర్ణం కాస్తా మళ్ళీ అసంపూర్ణమైపోయేది. ఇలాగైతే ఎక్కడికి పోతుందని పెద్దమనుషులే ఆందోళన పడి, సత్కారాల నియంత్రణ కమిటీ అని ఒకటి వేశారు. ఆ కమిటీ తన మొదటి కార్యక్రమంగా పైడమ్మని సత్కరించింది.

ఆ సభలోనే ఆవిడ తెగించింది. మైకు చేతికి రాగానే ఒంటి మీది శాలువా తీసి బల్ల మీద పడేసింది.

“బాబూ, మీ అందరికీ దండం ఎడతాను. నాకీ శాలువాలొద్దు. దండలొద్దు. మీ మాటలసలే వద్దు. అక్కడ నా గుంటడు గేటుకాడ కూకుని అమ్మ వొత్తాదని సూత్తన్నాడు. మా పిన్ని ఎల్లిపోతే ఆడికి అన్నం ఎట్టీవోళ్ళు లేరు. మీకు పున్నెముంటాది, నన్ను స్వాగతించడం ఆపండి! నా కొడుకుని తెచ్చుకోనివ్వండి!”

పైడమ్మ ఆశగా చూసింది. ఆ తర్వాత మొదటి వరసలో ఒకాయన లేచి నిలబడ్డాడు. ఆయన వెనకాల రెండో వరస, దాని వెనకాల హాలు హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. భాస్కరరాజు గారు రెండు చేతులూ పట్టుకుని, “అద్భుతం తల్లీ, అద్భుతం! ఇన్నాళ్ళూ ఇంత బాగా ఎందుకు మాట్లాడలేదు? ఎల్లుండి మళ్ళీ ప్రశాంతినగర్‌లో కూడా యథాతథంగా ఇదే మాట్లాడండి. శాలువా విసిరేయడం మర్చిపోకండి” అన్నారు. అని, విసిరేసిన శాలువాని తనే తీసి మళ్ళీ భుజాల మీద కప్పారు.

జనం భోజనాలకి వెళ్ళిపోయాక, వేదిక వెనకాల మెట్ల మీద కూలబడి పైడమ్మ వెక్కి వెక్కి ఏడ్చింది. ఈ ఏడుపు ఏ బ్లాకు కోసమూ కాదు. నూకాలు దండల బుట్ట పక్కన పెట్టి ఆవిణ్ణి పొదివి పట్టుకుంది. మైకు వైర్లు చుట్టుకుంటున్న రవణ, కుర్చీలు పేరుస్తున్న దాలినాయుడు, టీ క్యాను కడుగుతున్న సన్యాసి, హాలు ఊడుస్తున్న ఈశ్వరమ్మ ఒక్కొక్కరే వచ్చి చుట్టూ నిలబడ్డారు. ప్రతి సభలోనూ ఉన్నది ఆ ఐదుగురే. వేదిక మీదివాళ్ళు మారేవారు గానీ వీళ్ళు మారలేదు.

“ఏటమ్మా, ఏటి సెయ్యాలంట గుంటణ్ణి తేవాలంటే?” అన్నాడు రవణ.

చెప్పింది. తను స్థిరపడాలి, స్థిరపడాలంటే స్వాగతం ముగియాలి, అది ఈ జన్మలో ముగియదు.

“అది నీకు కదా. మరి నిన్నెలా తెచ్చినారు?”

“ఐదుగురు సంతకాలెట్టినారు. ఊళ్ళో కాపరం ఉన్నోళ్ళు.”

“అంతేనా? పెసిడెంటు ఉండాలని, బిల్డింగుండాలని ఏటీ లేదేటి?”

“లేదు. ఐదుగురు, అంతే.”

రవణ వైరు చుట్టడం ఆపి నూకాలు వైపు చూశాడు. నూకాలు దాలినాయుడు వైపు చూసింది. “మా ఎనకాల గది కాళీయే గదా. కుర్రోడికి, తల్లికి సాలదేటి?” అంది. అక్కడితో వాళ్ళ సర్వసభ్య సమావేశం ముగిసింది.

మర్నాడు ఐదుగురూ రేషను కార్డులు పట్టుకుని సుదర్శనం గారి ముందు నిలబడ్డారు. ఆయన కళ్ళజోడు తుడుచుకుని మరీ చూశారు.

“తమరి సంఘము పేరు?”

ఐదుగురూ మొహమొహాలు చూసుకున్నారు. “పేరేటండి… సబయిపోయినాక మిగిలేవోళ్ళం” అన్నాడు రవణ. సుదర్శనం గారు గంభీరంగా ‘సభానంతర శేష సభ్యుల సంఘము’ అని రాసుకున్నారు.

“ఆహ్వానింపబడు వ్యక్తి?”

“అప్పన్న. తొమ్మిదేళ్ళు.”

“ఆఁ! ఆ బాలుడు పైడమ్మ గారి కుమారుడు. కుటుంబ సభ్యుని కొరకు ఆమెయే దరఖాస్తు చేసుకొనవలెను.”

“ఆవిడికి కొడుకు గానీ మాకేటవుతాడండి? మాకు ముక్కూ మొకం తెలీదు” అంది నూకాలు. “ఎవుల్నైనా పిలుసుకోవచ్చని రాసినారు గదా. మేం ఈణ్ణి పిలుసుకుంతన్నాం.”

సుదర్శనం గారు నియమావళిని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా, మళ్ళీ చివరి నుంచి మొదటికీ తిరగేశారు. కాదనడానికి ఎక్కడా ఒక్క ముక్క దొరకలేదు. పైగా రాజధాని నుంచి పొద్దున్నే చీవాట్లు వచ్చి ఉన్నాయి: జిల్లాలో స్వాగత సభలు లెక్కలేనన్ని, రప్పించిన మనుషులు ఒక్కరేనా అని. ఆయన కలం తీశారు. అంత తొందరగా ఆయన సంతకం పెట్టగలరని ఆయన జవానుకి కూడా అంతవరకూ తెలియదు.

దసరా పందిళ్ళు విప్పుతున్న రోజుల్లో అప్పన్న రైలు దిగాడు. స్టేషన్లో బ్యాండు లేదు, దండలు లేవు. ఊళ్ళో ఇంకెవరిదో పెద్ద సత్కార సభ ఉండడంతో మిగతా నలుగురికీ తీరిక లేకపోయింది, రవణ మాత్రం మైకుని తమ్ముడికి అప్పజెప్పి వచ్చాడు. ఎన్నో వేదికల మీద ఎంతో మాట్లాడిన పైడమ్మ కొడుకు తల నిమురుతూ, చెవుల వెనక ఆటలమ్మ మచ్చలు తడుముతూ ఉండిపోయింది. “అమ్మా, దొడ్డికెల్లాలి” అన్నాడు వాడు. వెంటనే తీసుకెళ్ళింది.

ఆ సాయంత్రమే అతిథి గృహం తాళం సుభాషిణి గారి గుమ్మంలో పెట్టి, నూకాలు ఇంటి వెనక గదిలోకి మారిపోయింది. దాలినాయుడు తెచ్చిన పాత తోపుడు బండి మీద నూడిల్సు మొదలెట్టింది. అతిథి వీడ్కోలు సభ అయినా లేకుండా వెళ్ళిపోయిందని వికాసనగర్ గగ్గోలెత్తింది. కానీ అసలు దెబ్బ ఆ తర్వాత తగిలింది. ఊళ్ళోకి ఇంకో శరణార్థి వచ్చాడు, అదీ పసివాడు, చూస్తే ఎవరికైనా కన్నీళ్ళు ఆగనివాడు, వచ్చి నాలుగు రోజులైనా వాడికి ఒక్క శాలువా పడలేదు!

భాస్కరరాజు గారు పిల్లల కొలతకి చిన్న శాలువా కొని, సుదర్శనం గారిని వెంటబెట్టుకుని ఆ సందులోకి వచ్చారు. అప్పన్న గుమ్మంలో కూచుని అన్నం తింటున్నాడు.

“ముందుగా స్వాగత నివేదిక చూపవలెను” అన్నారు సుదర్శనం గారు, కాగితాలు విప్పుతూ.

“స్వాగతం ఏటీ సెయ్యలేదండి” అంది నూకాలు. “అన్నం ఎట్టేం.”

సుదర్శనం గారి ముఖం పాలిపోయింది. కాగితాలు గబగబా తిరగేశారు. “అయితే పెద్ద చిక్కే వచ్చిపడినది. స్వాగతము జరిగిన తేదీనే రాక తేదీగా నమోదు చేయవలెను. స్వాగతము జరగలేదు గనుక, రికార్డుల ప్రకారము ఈ బాలుడు ఇంకనూ రాలేదు.”

“రాకపోవడమేమిటండీ, ఎదురుగా అన్నం తింటుంటేనూ!” అన్నారు రాజు గారు. “నేను కప్పేస్తాను, వచ్చేస్తాడు.”

“ఆగండి!” సుదర్శనం గారు ఆయన చెయ్యి పట్టుకుని ఆపారు. “రాని వ్యక్తిని సత్కరించుట ఆడిట్ అభ్యంతరమునకు గురియగును. వచ్చిన వారికే శాలువా. ఇతడు వచ్చినట్లు దాఖలా లేదు.”

“శాలువా కప్పితేనే కదండీ వచ్చినట్టు?”

“వస్తేనే కదండీ శాలువా?”

ఇద్దరూ సందులో నిలబడి చాలాసేపు వాదించుకున్నారు. పైడమ్మకి ముందు భయం వేసింది. వీణ్ణి మళ్ళీ పట్టుకుపోతారా అనుకుంది. వినగా వినగా ఆవిడ ముఖం మీదికి నెమ్మదిగా నవ్వు పాకింది. చేతులు జోడించింది.

“రాలేదనే రాసుకోండి బాబూ. మీకు పున్నెముంటాది.”

సుదర్శనం గారు ‘బాలుడు ఇంకనూ చేరలేదు’ అని రాసి, కింద సంతకం పెట్టి, ముద్ర కొట్టారు. రాజు గారు శాలువా మడిచి చంకలో పెట్టుకున్నారు. వెళ్ళబోతూ సుదర్శనం గారు ఏదో అనుమానం వచ్చినట్టు ఆగి, కళ్ళజోడు సవరించుకుని, వేళ్ళు నాకుతున్న పిల్లాడి వైపు చూశారు.

“మరి ఈ అబ్బాయి ఎవరమ్మా?”

“నా కొడుకండి” అంది పైడమ్మ. వాడి కంచంలో ఇంకో గరిటెడు అన్నం పెట్టింది.